తెలుగులో మాట్లాడిన చేపల తొట్టి

సింగపూర్‌లోని టాంపినీస్‌లో, వాళ్ళమ్మాయి ఉండే బ్లాకు కింద, స్తంభాల మధ్య తెల్లగుడ్డ కట్టి పోయిన పెద్దాయన్ని పడుకోబెట్టారు. మందాయ్ శ్మశానానికి తీసుకెళ్ళే బండి రావడానికి ఇంకా గంట ఉంది. జురాంగ్ ఐలాండ్ ప్లాంటులో ఆయనతో కలిసి పనిచేసిన ఆరుగురు వచ్చి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. అందరివీ తెల్లజుట్లే. వాళ్ళలో ఒక మలయ్ పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి, "యూ ఫ్యామిలీ, ఆ?" అని అడిగారు.

కాదు, టోవా పాయోలో ఆయన పక్కింటివాళ్ళమని చెప్పాను.

"ఓ! ద వన్ హూ రీడ్!" అంటూ వెనక్కి తిరిగి మిగతావాళ్ళకు నన్ను చూపించారు. ఆరుగురూ లేచి నిలబడ్డారు.

నేను చేసింది చదవడమే. మూడేళ్ళపాటు ఒక పెద్దాయనకు తీగల పేర్లూ, కంప్యూటరు ప్రోగ్రాములోని వరసలూ, చేపల తొట్టి తాలూకు నోటుబుక్కూ చదివి వినిపించాను. అందుకు మనుషులు లేచి నిలబడతారని అనుకోలేదు. వాళ్ళతో ఆయన నా గురించి ఏం చెప్పారో నాకు తెలియదు. అడగలేదు.

ఆయన్ని అంకుల్ అని పిలిచేదాన్ని. సింగపూర్‌లో పెద్దవాళ్ళెవరైనా అంకులే. ఇక్కడా అలాగే రాస్తాను.

మొదటిసారి ఆయన గొంతే విన్నాను, మనిషిని చూడలేదు. కారిడార్‌లో నిలబడి నెల్లూరులో ఉన్న మా అక్కతో ఫోన్లో మాట్లాడుతున్నాను. పక్క గుమ్మం ఇనప గేటు వెనక నుంచి మాట వచ్చింది.

"అమ్మా, అంత గట్టిగా అరిసేదానికి ఫోనెందుకు? కిటికీ తీస్తే సాలదా?"

చైనీసువాళ్ళూ మలయ్‌వాళ్ళూ ఉండే అంతస్తులో తెలుగు వినబడేసరికి ఫోను చెవిన పెట్టుకునే అటు తిరిగాను. ఆయన తాతగారు తెల్లవాళ్ళ కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చారట. అంకుల్ పుట్టింది ఇక్కడే. తెలుగు రాయడం, చదవడం రావు. నాయనమ్మ దగ్గర విన్న మాటే ఆయన మాట. మధ్యమధ్య మలయ్ పలుకులు దొర్లేవి. సరే అనడానికి 'బోలే' అనేవారు, భోజనానికి 'మకాన్' అనేవారు. "మీది నెల్లూరు తెలుగు, మాది ఓడ తెలుగు" అని నవ్వేవారు.

ఆయనకొక అలవాటుంది. ఎవరేం చెప్పినా తిరిగి అప్పజెప్పేవారు. "అంకుల్, రేపు పదింటికి వస్తాను" అంటే, "రేపు. పదికి. నువ్వొస్తావు" అనేవారు. అక్కడితో ఊరుకోరు, తను చెప్పింది మనమూ అప్పజెప్పాలి. కింద తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్‌లో కాఫీలమ్మే చైనీసు ఆంటీ చేత కూడా ఆర్డరు వల్లె వేయించేవారు. ఆవిడ మొదట్లో విసుక్కునేది. తర్వాత్తర్వాత ఆయన్ని దూరాన చూడగానే, అడగకముందే ఆర్డరంతా అరిచి చెప్పేది, వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వేవారు. ముప్పై ఏళ్ళు ప్లాంటులో మీటర్లూ వాల్వులూ చూసుకున్న మనిషి. అక్కడ ఒకరు కాగితం చూసి చదువుతారు, రెండోవారు వాల్వు మీద వేలు పెట్టి అదే పేరు పైకి అంటారు, ఆ తర్వాతే తిప్పుతారు. "ఇన్న మాట సగం మాటే. తిరిగి సెప్తేనే మొత్తం" అనేవారు.

రెండో అలవాటు, బాగుందని ఎప్పుడూ అనకపోవడం. ఒంట్లో ఎలా ఉందన్నా, చేపలెలా ఉన్నాయన్నా, "ఇప్పటికి" అనేవారు. అంతే.

ముందు గదిలో నాలుగడుగుల సముద్రపు నీటి తొట్టి ఉండేది. ఏడు చేపలు, కొన్ని పగడపు జీవులు. ఆయన భార్య పోయాక పెట్టిన తొట్టి అది. నేను పరిచయమయ్యేనాటికి ఆయన కళ్ళు నీటికాసులతో చాలావరకు పోయాయి. అంచులన్నీ చీకటి, నడిమధ్యలో మాత్రం చూపు ఉండేది, గొట్టంలోంచి చూసినట్టు. "ఒక సేపని సూడగలను, తొట్టిని సూడలేను" అని వివరంగా చెప్పారు, తనదికాని సమస్య గురించి చెబుతున్నట్టు.

ఒక ఆదివారం తొట్టిలో నీళ్ళు పోస్తూ, మట్టం కనబడక, పోసిందే మళ్ళీ పోశారు. నేలంతా నీళ్ళు. జారిపడ్డారు. మోచెయ్యి వాచింది. ఆ మధ్యాహ్నం వాళ్ళమ్మాయి వచ్చేసరికి నేను అక్కడే గుడ్డతో నేల తుడుస్తున్నాను. ఆమెకు నా వయసే ఉంటుంది. టాంపినీస్‌లో భర్తతో, ఇద్దరు పిల్లలతో ఉంటుంది. తండ్రిని తనతో వచ్చెయ్యమని రెండేళ్ళుగా అడుగుతోంది. మాట చివర 'లా', 'ఆ' చేర్చే సింగపూర్ యాస ఆమెది.

"నాయనా, ఇనఫ్ లా. తొట్టి ఎవరికైనా గివ్ అవే చేసెయ్. నువ్వు మా ఇంటికి వచ్చెయ్. వాటర్ కూడా యూ కెనాట్ సీ."

"సూడలేను. వింటాను."

"వింటావా? హౌ? ఫిష్ టాక్ ఆ?"

"ఫిష్షు మాటాడదు. నేను మాటాడిస్తాను."

ఆమె నా వైపు చూసింది. నేను గుడ్డ పిండుకుంటూ ఉండిపోయాను. చాలాసేపు వాదించుకున్నాక షరతు ఆమే పెట్టింది. తొట్టి దానంతట అది నడిచే ఏర్పాటుకు మూడు నెలలు గడువు. ఆ తర్వాత ఆయన వచ్చి పది రోజులు వాళ్ళింట్లో ఉండాలి. పక్కింటి అక్క, అంటే నేను, మేత వెయ్యచ్చు, బకెట్టులో నీళ్ళు నింపచ్చు. ఇంకేమీ ముట్టుకోకూడదు. తిరిగి వచ్చేసరికి ఒక్క చేప చచ్చినా తొట్టి పోతుంది, ఫ్లాటుకు తాళం పడుతుంది.

అంకుల్ వేళ్ళు లెక్కపెడుతూ అప్పజెప్పారు. "మూడు నెలలు. పది రోజులు. ఏడు సేపలు. ఒకటి సస్తే తొట్టీ లేదు, ఈ ఇల్లూ లేదు. అన్నీ బతికుంటే ఇక్కడే ఉంటాను, ఎప్పుడు ఆపాలో నేనే సెప్తాను. బోలే. ఇప్పుడు నువ్వు సెప్పు."

"ఐయో నాయనా!"

"సెప్పు."

ఆమె చెప్పింది. చివరి వాక్యం దగ్గర ఆగింది. అది తన షరతులో లేదు. కానీ అది కూడా చెప్పింది.

మరుసటి వారమే అంకుల్ ఒక చిన్న కంప్యూటరు తెప్పించారు. అరచెయ్యంత పలక మీదే అంతా ఉంటుంది. తెర లేదు, కీబోర్డు లేదు. నా వృత్తి అచ్చుప్రతులు దిద్దడం. కంప్యూటరు ప్రోగ్రాములు నాకు రావు, కానీ కామా పోతే తెలుస్తుంది. ఆయనకు కావలసింది సరిగ్గా అదే, ప్రోగ్రాము వరసలు పైకి చదివి తప్పులు పట్టే మనిషి. ఇంట్లో ఇలాంటివి తయారుచేసుకునే ఔత్సాహికులు రాసుకున్న పేజీలు కొన్ని అచ్చువేసి తీసుకెళ్ళాను. సోఫాలో కళ్ళు మూసుకుని విన్నారు. నీటి వేడి కొలుస్తుంది, లైటు వేస్తుంది, ఫోనుకు కబురు పంపుతుంది అని చదువుకుంటూ పోయాను.

"అవన్నీ బతికున్నప్పుడు సేసే పనులమ్మా. సచ్చిపోతే ఏటి సేస్తాది? అది సదువు."

"అది ఇందులో రాయలేదు అంకుల్."

"మరెందుకు అచ్చేసినారు?"

ఆ పేజీలు పక్కన పెట్టేశాం. మొదటి మూడు వారాలు ఆయన ఆ ఒక్క ప్రశ్న మీదే పనిచేశారు. ఈ ఊళ్ళో నీటిని వెచ్చబెట్టే అవసరం లేదు, చల్లబరచాలి. అందుకు తొట్టి పైన ఫ్యాన్లు తిరుగుతాయి. ఫ్యాన్లు తిరిగితే నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు మిగులుతుంది. కాబట్టి రోజూ కొంచెం మంచినీళ్ళు కలపాలి. ఇంతకాలం ఆయన చూపుతో చేసిన పని ఇది. ఇప్పుడు ఆ కంప్యూటరున్న పెట్టె చెయ్యాలి. పెట్టె చచ్చిపోతే ఫ్యాన్లూ, నీళ్ళు తిప్పే పంపూ వాటంతట అవి నడుస్తూ ఉండాలి. మంచినీళ్ళు పోసే చిన్న పంపు మాత్రం ఆగిపోవాలి. లైటు ఆరిపోవాలి. కంప్యూటరు మాట విని స్విచ్చు వేసి తీసే భాగాన్ని రిలే అంటారు. వేసినప్పుడల్లా టిక్కుమంటుంది. ఏ తీగ రిలేకి ఏ వైపు బిగించాలన్నదే మొత్తం విద్య అని ఆయన నాకు నేర్పారు.

"మరి బిగుసుకుపోతే?" అని తనే అడిగి, తనే జవాబు చెప్పారు. "సావడం కన్నా అది సెడ్డది. పంపు వేసి ఉండగా బిగుసుకుపోనాదనుకో, పోస్తానే ఉంటాది." అందుకని పక్కన వేరే చిన్న టైమరు ఒకటి పెట్టారు. కంప్యూటరు నిమిషానికోసారి 'ఉన్నాను' అని దానికి చెబుతూ ఉండాలి. చెప్పకపోతే అది రిలేలన్నిటికీ కరెంటు తీసేస్తుంది.

మంచినీళ్ళకు ఇంత చిన్న బకెట్టు ఎందుకు, పెద్ద డ్రమ్ము పెడితే నాకు రోజూ చూసే పని తప్పుతుంది కదా అన్నాను.

"ఎవరికి తప్పుద్ది? నీకు. సేపలకి తప్పదు. డ్రమ్ము మొత్తం తొట్టిలోకి పోతే ఉప్పు పలసనైపోయి అన్నీ పోతాయి. ఈ బకెట్టు మొత్తం పోయినా వాటికి ఏటీ కాదు. అమ్మా, దేన్నయినా నమ్ము. కానీ అది ఎంత పాడుసెయ్యగలదో ముందల కొలిసి, అంతే సేతికియ్యి."

ఒక తప్పు కూడా చేశారు. అన్నీ బిగించి, మొదటిసారి ప్లగ్గు పెట్టిన ఉదయం, కంప్యూటరు ఇంకా పూర్తిగా లేవకముందే టిక్కుమంది. చిన్న పంపు నడిచింది. బకెట్టు సగం ఖాళీ అయ్యేదాకా ఆగలేదు. కారణం వెతకడానికి రెండు రోజులు పట్టింది. ప్లాంటులో ఆయన వాడిన రిలేలు సంకేతం అందితేనే లాగేవి, లేకపోతే ఊరుకునేవి. అంగట్లో దొరికిన ఈ చవకరకం పలక తలకిందులుది, సంకేతం లేకపోవడాన్నే 'నడుపు' అని తీసుకుంటుంది. దాని మీద చిన్న అక్షరాల్లో అది రాసే ఉంది. నేను చదవలేదు, ఎందుకంటే చదవమని ఆయన అడగలేదు. అడగకపోవడానికి కారణం, రిలే సంగతి తనకు తెలుసుననుకోవడం.

తొట్టి దగ్గర జరిగే తప్పులన్నీ నా చేత రాయించే నోటుబుక్కు తియ్యమన్నారు. "రాయి. రిలే పలక తప్పు రకం. ఎవరు: నేను. ఎందుకు: తెలుసనుకున్నాను."

"చదవనిది నేను కదా అంకుల్, నా పేరు రాయనా?"

"నీ పేరు రాయాలంటే నువ్వు తప్పు సెయ్యాల. అంత తొందరేటి?"

సరైన రకం పలక తెచ్చి, మళ్ళీ బిగించి, నలభైసార్లు ప్లగ్గు పీకి పెట్టారు. నలభైసార్లూ పక్కన కూర్చుని ఏ టిక్కు దేనిదో చెవితో పట్టుకున్నారు. తీగలన్నిటికీ ఉబ్బెత్తు అక్షరాల పట్టీలు అంటించి, వేలితో తడిమి చదువుకునేవారు. కళ్ళు పనిచేసే నేను రెండుసార్లు తీగ పేరు తప్పు చెప్పాను. ఆయన వేలు ఒక్కసారీ తప్పలేదు.

ఇక మాట. తెర చూడలేరు గనక, పెట్టె పైకి చెప్పాలి. దానికి బుల్లి స్పీకరు అమర్చారు. గొంతు నాది కావాలన్నారు. ఇంగ్లీషులో అయితే తయారుగా దొరుకుతాయి అన్నాను.

"ఇంగ్లీషు అలారం వింటే ఇంకా షిఫ్టులో ఉన్నట్టుంటాది. ఇంట్లో తెలుగే."

నేను ఇంట్లో కూర్చుని శ్రద్ధగా వాక్యాలు రాసుకుని వెళ్ళి, ఫోన్లో రికార్డు చెయ్యడానికి చదివాను. "దయచేసి గమనించండి. తొట్టిలోని నీటి ఉష్ణోగ్రత పెరుగుతున్నది."

ఆయన చెయ్యి ఎత్తారు. "ఆపు ఆపు. నీళ్ళు ఉడికిపోతుంటే దయేటమ్మా? ఉష్ణోగ్రతా? ఆ మాట పూర్తయ్యేలోపు సగం సేపలు పోతాయి."

"మరేమనాలి?"

"నీళ్ళు వేడి. అంతే. ముందల ఏది, తరవాత ఏటైంది. ఎందుకైందో నేను సూసుకుంటాను."

నాలుగు మాటలే మిగిలాయి. నీళ్ళు వేడి. నీళ్ళు తక్కువ. బకెట్టు ఖాళీ. పంపు ఆగింది. ఇరవయ్యేళ్ళుగా ఇతరుల వాక్యాలు దిద్దుతున్నాను. నా వాక్యాన్ని అంత బాగా దిద్దినవాళ్ళు లేరు.

మూడు నెలలు నిండాయి. ఆయన బట్టల సంచీతో టాంపినీస్ వెళ్ళారు. నేను రోజూ ఉదయం, సాయంత్రం తలుపు తీసి, మేత వేసి, బకెట్టు చూసి వచ్చేదాన్ని. ఐదు రోజులు ఏమీ జరగలేదు. ఆరో రోజు ఉదయం వెళితే పెట్టె మీద పచ్చదీపం లేదు. నిమిషానికోసారి చెప్పాల్సిన 'ఉన్నాను' ఆగి, టైమరు రిలేలకు కరెంటు తీసేసినట్టుంది. లైటు వెలగాల్సిన వేళ దాటినా వెలగలేదు.

ఫోను చేశాను. పెట్టె చచ్చిందని చెప్పాను. ఆయన ఒక్కొక్కటే అడిగారు.

"ఫ్యాన్లు?"

"తిరుగుతున్నాయి."

"పెద్ద పంపు?"

"నడుస్తోంది."

"సిన్న పంపు?"

"ఆగి ఉంది. బకెట్టు నిండుగా ఉంది. అంకుల్, ప్లగ్గు తీసి పెడితే లేస్తుందేమో. ఒక్క నిమిషం పని."

"అది ముట్టుకోడం కాదేటి?"

"మీరు కట్టిందే కదా! మంచినీళ్ళు ఆగిపోయాయి, లైటు లేదు. ఇంకా నాలుగు రోజులుంది."

"నాలుగు రోజులకి ఉప్పు కొంచెం సిక్కబడతాది. తట్టుకుంటాయి. లెక్క కట్టినాను. నువ్వు ముట్టుకోకు. తిరిగి సెప్పు."

"ముట్టుకోను" అన్నాను.

ఆయన దాచలేదు. ఆ మధ్యాహ్నమే భోజనాల దగ్గర కూతురికి చెప్పేశారట. కాసేపటికి ఆమె నాకు ఫోను చేసింది.

"అక్కా, కంప్యూటర్ డెడ్ ఆ?"

"అవును. చేపలు బాగున్నాయి."

"నువ్వు రీస్టార్ట్ చేసెయ్ లా. నేను చూడలేదు అనుకుంటా. ఆయన మొహం చూడలేకపోతున్నా."

వెనక నుంచి ఆయన గొంతు వినబడింది. "సెయ్యదు. మాటిచ్చింది."

ఆ నాలుగు రోజులూ నాకు కష్టంగానే గడిచాయి. తలుపు తియ్యగానే ముందు చేపలు లెక్కపెట్టేదాన్ని. పెట్టె తాలూకు ప్లగ్గు నా చేతికి అందే ఎత్తులోనే ఉంది. రోజూ దాని పక్కన నిలబడి మేత వేశాను. ఆయన లెక్క మీద నాకు నమ్మకం ఉందో లేదో నాకే తెలియలేదు. మాటిచ్చాను కాబట్టి ముట్టుకోలేదు, అంతే.

పదో రోజు తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన తొట్టి దగ్గరికి వెళ్ళలేదు, తలుపు దగ్గరే ఆగి, "నువ్వు లెక్కెట్టు" అని కూతురికి చెప్పారు.

ఆమె లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. "సిక్స్, నాయనా."

ఉదయం నాకూ ఆరే కనబడ్డాయి, ఏడోది దాక్కుందనుకుని వెళ్ళిపోయాను. అంకుల్ తల కొంచెం పక్కకి వాల్చి ఆలోచించారు.

"ఏది లేదు? సారలదా, పసుపుదా?"

"సన్నది. సారల్లాగ ఉంటాదే, అది." ఆమె తెలియకుండానే తండ్రి మాటలోకి దిగింది.

"లైటు లేక బయటికి రాదది. ఎడమ పక్క పెద్దరాయి. కింద సందు. వంగి సూడు."

ఆఫీసు బట్టల్లోనే ఆమె నేల మీద మోకాళ్ళు వేసి, చెంప అద్దానికి ఆనించి, ఫోను దీపం పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"దేర్! ఐ సీ హిమ్! నాయనా, వాడు నన్నే చూస్తున్నాడు!"

"ఎన్ని?"

"ఏడు."

"ఏడు" అన్నారాయన. అప్పుడు లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, సోఫాలో కూర్చున్నారు. కంప్యూటరులోని మెమరీ కార్డు పాడైందని ఆ సాయంత్రం తెలిసింది. కొత్త కార్డు పెడితే పావుగంటలో లేచింది. ఇంటికి వెళ్ళేముందు ఆమె ఆ పెట్టెను తన ఫోనుకి కూడా కలపమని అడిగింది. "తెలుగే మాటాడతాది, నీకు తెలుస్తాదా?" అని ఆయన ఆటపట్టించారు. "నాలుగు మాటలే కదా, నేర్చుకుంటా లా" అంది.

ఆ తర్వాత రెండేళ్ళకు పైగా ఆయన ఆ ఫ్లాటులో తొట్టితో ఉన్నారు. చూపు ఇంకా సన్నబడింది. కారిడార్‌లో నడుస్తుంటే అప్పుడప్పుడు నా గొంతు నాకే వినబడేది, నీళ్ళు తక్కువ అంటూ. వెంటనే ఆయన గొంతు, "నీళ్ళు తక్కువ. వస్తన్నాను" అని పెట్టెకి కూడా అప్పజెప్పేది. ఆదివారాలు కూతురు వచ్చి అద్దం లోపలి నాచు గీకేది. నాచు గీకడం ఆమెకి ఆయన నేర్పలేదు, చూసి నేర్చుకుంది.

ఒక మంగళవారం ఉదయం నన్ను పిలిచి నోటుబుక్కు తియ్యమన్నారు. నిలబడే చెప్పారు.

"రాయి. మంచినీళ్ళ బకెట్టులో ఉప్పునీళ్ళు పోసినాను. ఒక రోజంతా తొట్టిలోకి పోనాది. నాలిక మీద ఏలు పెట్టుకుంటే తెలిసింది. సేపలకి ఏటీ కాలేదు. ఎవరు: నేను. ఎందుకు: సూడలేదు."

"డబ్బా మీద పట్టీ ఉంది కదా అంకుల్, తడమలేదా?"

"తడమలేదు. సెయ్యికి తెలుసనుకున్నాను." నోటుబుక్కు వైపు చెయ్యి చూపారు. "మొదటి పేజీ సదువు."

మొదటి పేజీలో ఆ ఆదివారం జారిపడ్డ సంగతి ఉంది. ఎందుకు: చూడలేదు.

"ప్లాంటులో ఒక పద్ధతుందమ్మా. ఒకే రకం తప్పు రెండోసారి సేసిన మనిషి ప్యానెలు దగ్గిర్నించి దిగిపోవాల. ఎంత పెద్దోడైనా. ఎవరూ సూడకపోయినా సరే. పెట్టె తప్పు సెయ్యలేదు. నేను నింపిందే అది పోసింది. శుక్రవారం ఆపీద్దాం."

ఎవరికీ తెలియదు కదా అనబోయి మానేశాను. జరిగింది నాకు తెలుసు, ఆపడానికి ఆయనకు అది చాలు.

చేపల కోసం ఆయనే ఫోన్లు చేశారు. ఇలాంటి తొట్టే ఉన్న ఒకాయన శుక్రవారం ఉదయం సంచులతో, మూత ఉన్న డబ్బాలతో వచ్చాడు. కూతురు సెలవు పెట్టి వచ్చింది. వచ్చీరాగానే మొదలుపెట్టింది.

"నాయనా, వై సో ఫాస్ట్? బకెట్ నేను ఫిల్ చేస్తా. అక్క ఉంది. ఇంకో వన్ ఇయర్ ఉంచు, ప్లీజ్."

"ఎప్పుడు ఆపాలో ఎవరు సెప్తారని అనుకున్నాం?"

ఆమె ముఖం తొట్టి వైపు తిప్పుకుంది.

"సెప్పు."

"నువ్వు" అంది, ఏడుస్తూ.

ప్లాంటు ఆపినట్టే ఆపారు. నేను కాగితం చూసి చదివాను, ఆయన పట్టీ మీద వేలు పెట్టి పేరు చెప్పి, స్విచ్చు తీశారు. చిన్న పంపు. లైటు. ఫ్యాన్లు. చేపల్ని ఒక్కొక్కటే సంచిలోకి దించుతుంటే కూతురు పైకి లెక్కపెట్టింది. చారల చేప కోసం ఆమే వంగి సందు చూపించింది. ఏడూ వెళ్ళాక పెద్ద పంపు. చివర పెట్టె. గదిలో అన్ని చప్పుళ్ళూ ఆగాయి. ఆయన పెట్టె మూత మీద అరచెయ్యి ఉంచి, చల్లబడేదాకా అలాగే నిలబడ్డారు.

"ఎలా ఉన్నారంకుల్?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"బాగున్నాను" అన్నారు. ఆయన నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే.

సంచీ ఆయనే సర్దుకున్నారు. తలుపు వేసి, ఇనప గేటు లాగి, తాళం పడిందో లేదో రెండుసార్లు ఊపి చూసి, తాళంచెవి కూతురి చేతిలో పెట్టారు. లిఫ్ట్ వచ్చింది. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకోబోయింది. ఆయన చెయ్యి విడిపించుకుని, ఆమె భుజం వెతికి, దాని మీద వేశారు.

"నువ్వు ముందల నడు. నేనొస్తాను."